నడుం పట్టేసింది, నేరం నడుముదేనా?

వంగి నీళ్ల బిందె ఎత్తబోతారు. లేదా మంచం కిందకు దొర్లిన చెప్పు కోసం వంగుతారు. ఎక్కడో నడుం దగ్గర కలుక్కుమంటుంది. అంతే, వంగినవారు వంగినట్టే ఆగిపోతారు. లేవలేరు, కూర్చోలేరు, దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినంత పనవుతుంది. దీన్నే మనం ‘నడుం పట్టేసింది’ అంటాం.

ఆ వెంటనే ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి. ‘కదలకుండా పడుకో.’ ‘డిస్కు జారిందేమో.’ ‘ఎందుకైనా మంచిది, స్కాన్ తీయించు.’ మూడూ ప్రేమతో చెప్పే మాటలే. కానీ గత నలభై ఏళ్ల పరిశోధనలను చూస్తే, చాలామంది విషయంలో ఈ మూడూ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తున్నాయి. నడుం నొప్పిని తగ్గించే జ్ఞానం మన దగ్గర లేక కాదు, ఉన్న జ్ఞానం ఇంటి గడప దాకా రాకపోవడం వల్లే మనం ఎక్కువగా బాధపడుతున్నామన్నది నా వాదన. అంతేకాదు, ఆ జ్ఞానాన్ని బరువులు మోసే మనిషికి చెప్పేటప్పుడు మనం సగమే చెబుతున్నాం.

ముందుగా సమస్య ఎంత పెద్దదో చూద్దాం. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారని 2023లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని అదే అధ్యయనం చెబుతోంది. మనుషులను పనికి దూరం చేసే ఆరోగ్య సమస్యల్లో ప్రపంచంలో దీనిదే మొదటి స్థానం. వీరిలో దాదాపు 90 శాతం మందికి ‘ఇదిగో, నొప్పి ఇక్కడి నుంచే వస్తోంది’ అని ఒక ఎముకనో, డిస్కునో, నరాన్నో కచ్చితంగా వేలెత్తి చూపించడం సాధ్యం కాదు.

పట్టు అంటే ఏమిటి?

వెన్నెముకకు రెండు పక్కలా మెడ నుంచి కటి దాకా నిలువుగా సాగే కండరాలున్నాయి. మనం ముందుకు వంగితే పడిపోకుండా వెనక్కి లాగి పట్టుకునేవి ఇవే. వెన్నులో ఏదో ఒక కణజాలానికి కాస్త ఇబ్బంది కలిగిందని నాడీవ్యవస్థ అనుమానించగానే, ఆ ప్రాంతం కదలకుండా ఈ కండరాలను బిగిస్తుంది. విరిగిన చేతికి కట్టు కట్టినట్టు, శరీరం తన నడుముకు తానే కట్టు కట్టుకుంటుందన్నమాట. కాబట్టి పట్టు అనేది చాలా సందర్భాల్లో గాయం కాదు. కాపలా.

చాలాకాలం పాటు దీనికి ఒక తేలికైన వివరణ ఉండేది. నొప్పి వల్ల కండరం బిగుసుకుంటుంది, బిగుసుకోవడం వల్ల రక్తప్రసరణ తగ్గి మళ్లీ నొప్పి పుడుతుంది, ఇదొక విషవలయం అనేవారు. కానీ కండరాల్లోని విద్యుత్ సంకేతాలను కొలిచి చూస్తే విషయం అంత సూటిగా లేదు. నొప్పి ఉన్నవారిలో కొన్ని కండరాలు ఎక్కువగా పనిచేస్తుంటే, మరికొన్ని తక్కువగా పనిచేస్తున్నాయి. మనిషిని బట్టి ఈ తీరు మారుతోంది.

ఒక తేడా మాత్రం పదేపదే కనబడింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి పూర్తిగా ముందుకు వంగినప్పుడు ఒక దశ దాటాక నడుం కండరాలు పని ఆపేస్తాయి. విద్యుత్ సంకేతం దాదాపు శూన్యమవుతుంది. శరీర భారాన్ని స్నాయువులు, డిస్కులు, లోపలి ఇతర కణజాలాలు మోస్తాయి. 1950ల నుంచే శాస్త్రవేత్తలకు ఇది తెలుసు. నడుం నొప్పి ఉన్నవారిలో చాలామందికి ఆ దశలో కూడా కండరాలు సడలవు. కాపలావాడు డ్యూటీ దిగడం మరిచిపోయాడు. వంగితే ఏమవుతుందోనన్న భయం ఎక్కువగా ఉన్నవారిలో ఈ బిగింపు కూడా ఎక్కువగా కనిపిస్తుంది. భయం మనసులోనే ఉండిపోదు, అది కండరంలోకి దిగుతుంది. ‘డిస్కు జారిందేమో’ అని మనం తేలిగ్గా అనేసే మాట ఎంత బరువైనదో ఇక్కడే తెలుస్తుంది.

తులాదండం లెక్క

పుదుచ్చేరి నుంచి విల్లుపురం వెళ్లే దారిలో సుమారు పది కిలోమీటర్ల దూరంలో విల్లియనూరు వస్తుంది. ఇక్కడి మట్టి బొమ్మలకు, టెర్రకోట పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అలంకరణగా మన ఇళ్లకు వచ్చే ఆ బొమ్మ వెనక ఎంత వంగుడు ఉందో ఎవరూ లెక్కవేయరు. మట్టి తెచ్చి, నానబెట్టి, తొక్కి, పిసికి, ముద్దలు చేసి, నేలమట్టంలో ఉన్న చక్రం మీదకు వంగి, ఆరిన వాటిని మోసి, ఆవంలో పేర్చి, కాలాక మళ్లీ దించాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుము వంగుతూనే ఉంటుంది.

దీన్ని భౌతికశాస్త్రం తులాదండంలా చూస్తుంది. పది లీటర్ల బకెట్ నిండా తడి మట్టి దాదాపు 20 కిలోలు తూగుతుంది. ఆ బకెట్‌ను నడుం వెన్నుపూసకు 40 సెంటీమీటర్ల ముందు పట్టుకున్నారనుకుందాం. వెనక నుంచి లాగి పట్టే కండరాలు అదే వెన్నుపూసకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. ముందు 20ని 40తో గుణిస్తే 800. వెనక అదే 800 రావాలంటే 5 సెంటీమీటర్ల దగ్గర 160 కిలోల బరువుకు సమానమైన బలంతో కండరాలు లాగాలి. చేతిలో ఉన్నది 20 కిలోలే, నడుం కండరం లాగేది అందుకు ఎనిమిది రెట్లు. వంగినప్పుడు తల, ఛాతీ, చేతుల బరువు దీనికి అదనం. అదే బకెట్‌ను పొట్టకు దగ్గరగా, 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే లెక్క సగానికి, 80 కిలోలకు దిగుతుంది.

ఇది కాగితం మీద లెక్కే కాదు. 1999లో జర్మనీ శాస్త్రవేత్తలు ఒక వాలంటీరు నడుం డిస్కులోకి చిన్న పీడన సెన్సర్‌ను పంపి నేరుగా కొలిచారు. పడుకున్నప్పుడు 0.1 మెగాపాస్కల్, మామూలుగా నిలబడినప్పుడు 0.5. నడుము వంచి 20 కిలోలు ఎత్తినప్పుడు 2.3. అదే బరువును ఒంటికి దగ్గరగా పట్టుకున్నప్పుడు సుమారు 1.1. కొలిచింది ఒక్కరిలోనే అయినా, తులాదండం చెప్పిన దిశలోనే అంకెలు వచ్చాయి.

అయితే పీడనం పెరగడం అంటే పాడైపోవడం కాదు. వెన్నెముక ఇనుప దూలం కాదు, ప్రాణమున్న కణజాలం. మోతాదులో పడే బరువుకు అది బలపడుతుంది కూడా. తేరుకోవడానికి వ్యవధి లేకుండా, రోజుల తరబడి అదే పని, అదే వంపు, అదే బరువు మోయించినప్పుడే చిక్కు వస్తుంది.

పడుకుంటే తగ్గుతుందా?

ఒకప్పుడు డాక్టర్లు కూడా వారాల తరబడి మంచం మీద ఉండమనేవారు. 1986లో అమెరికాలో 203 మంది రోగులపై ఒక ప్రయోగం జరిగింది. కొందరిని రెండు రోజులు, కొందరిని ఏడు రోజులు పడుకోమన్నారు. నొప్పి తగ్గడంలో ఇద్దరికీ తేడా లేదు. రెండు రోజులు మాత్రమే పడుకున్నవారు పనికి గైర్హాజరైన రోజులు మాత్రం 45 శాతం తక్కువ. 1995లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ నగరపాలక సంస్థ ఉద్యోగులపై మరో ప్రయోగం చేశారు. రెండు రోజులు మంచం పట్టినవారికన్నా, ప్రత్యేక వ్యాయామాలు చేసినవారికన్నా, ‘ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకోండి’ అని చెప్పినవారే త్వరగా కోలుకున్నారు.

నొప్పి భరించలేనంతగా ఉన్న మొదటి రోజు, రెండో రోజు కాసేపు పడుకోవడం తప్పు కాదు. మోకాళ్ల కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. కానీ మంచాన్ని మందుగా వాడొద్దు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.

తల నెరిసినట్టే వెన్నూ నెరుస్తుంది

ఇక స్కాన్ సంగతి. 1994లో అమెరికా పరిశోధకులు నడుం నొప్పి అసలే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీశారు. సగం మందికి పైగా, 52 శాతం మందిలో, కనీసం ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. 2015లో ఇలాంటి అనేక అధ్యయనాలను కలిపి, నొప్పి లేని మూడు వేల మందికి పైగా మనుషుల చిత్రాలను విశ్లేషించారు. ఇరవై ఏళ్లవారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది. వీరెవరికీ నొప్పి లేదన్న సంగతి మరిచిపోవద్దు.

అంటే నడుం పట్టేసిన నలభై ఏళ్ల మనిషికి స్కాన్ తీస్తే ఏదో ఒకటి దొరకడం దాదాపు ఖాయం. అది నిన్న పుట్టింది కాదు, పదేళ్లుగా ఉన్నదే కావచ్చు. అయినా రిపోర్టులో ‘డిస్కు ఉబ్బు’, ‘అరుగుదల’ అన్న మాటలు చదివాక ఆ మనిషి వంగడానికే భయపడతాడు. ముందే చెప్పుకున్నట్టు ఆ భయం మళ్లీ కండరాన్ని బిగిస్తుంది. కాలిలోకి నొప్పి లాగే నిజమైన డిస్కు సమస్యల్లో కూడా బయటికి వచ్చిన భాగం నెలల్లో దానంతటదే కుంచించుకుపోవడం తరచూ కనిపించేదే.

మాత్రల సంగతి

2014లో ఆస్ట్రేలియాలో 1,652 మందిపై పారాసిటమాల్‌ను పరీక్షించారు. రోజూ వేసుకున్నవారు, అవసరమైనప్పుడు వేసుకున్నవారు 17 రోజుల్లో కోలుకున్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు 16 రోజుల్లో కోలుకున్నారు. 2023లో అక్కడే నల్లమందు జాతి మందులను పరీక్షిస్తే, అవీ ఉత్తుత్తి మాత్ర కన్నా మేలు చేయలేదని తేలింది. కండరాలను సడలించే మందులపై 2021లో జరిగిన సమీక్ష ప్రకారం, మొదటి రెండు వారాల్లో వందకు ఎనిమిది పాయింట్ల మేర నొప్పి తగ్గవచ్చు. ఆ తగ్గుదల రోగికి తెలిసీ తెలియనంత. మగత, తలతిరుగుడు మాత్రం తెలుస్తాయి.

మన మందుల షాపుల్లో ‘నడుం నొప్పి’ అనగానే అందించే జోడు మాత్రల్లో థయోకోల్చికోసైడ్ ఒకటి. కణాల్లోని క్రోమోజోములపై దాని ప్రభావం గురించిన ఆందోళనతో 2013లో ఐరోపా ఔషధ సంస్థ దీన్ని ఏడు రోజులకు మించి నోటి ద్వారా ఇవ్వరాదని, గర్భిణులకు అసలే వద్దని సూచించింది. ఆ మాత్రను చీటీ లేకుండా నెలల తరబడి కొనుక్కునేవారు మన చుట్టూ ఉన్నారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొంత ఉపశమనం ఇస్తాయి. కానీ కడుపులో పుండ్లు, మూత్రపిండాలపై భారం వాటి వెంటే వస్తాయి. ఎండలో, ఆవం పక్కన చెమటోడ్చి, నీళ్లు చాలక పనిచేసే మనిషికి ఆ ముప్పు మరింత ఎక్కువ. డాక్టరును అడిగి, తక్కువ మోతాదులో, కొద్ది రోజులు మాత్రమే వాడాల్సినవి అవి.

అమ్మమ్మలు పెట్టే ఇసుక కాపడం మాటేమిటి? వేడి వల్ల మొదటి రోజుల్లో కొంత ఉపశమనం కలుగుతుందని అధ్యయనాలూ చెబుతున్నాయి. చర్మం కాలకుండా చూసుకుంటే చాలు. ఎదురుకాళ్లతో పుట్టినవారితో నడుం తన్నించుకుంటే పట్టు వదులుతుందన్న నమ్మకం మాత్రం వేరే కథ. పట్టు చాలామందిలో కొద్ది రోజుల్లో సడలడం మొదలవుతుంది, కొన్ని వారాల్లో నొప్పి బాగా తగ్గుతుంది. నొప్పి పతాకస్థాయిలో ఉన్నప్పుడే మనం తన్నేవారిని వెతుక్కుంటూ వెళతాం. ఆ తర్వాత అది ఎలాగూ తగ్గేదే. పేరు మాత్రం ఆ తన్నుకు దక్కుతుంది. ఖరీదైన చికిత్సలు చాలా వాటికి పేరు వచ్చింది కూడా ఇలాగే. తన్ను ఉచితం కాబట్టి నవ్వుతాం. బిల్లు వచ్చినదాన్ని నమ్ముతాం. పైగా ఎముకలు పెళుసైనవారిని తన్నితే వెన్నుపూస విరగవచ్చు, కాబట్టి ఆ ప్రయోగం వద్దు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

భయం వద్దన్నాను గానీ, నిర్లక్ష్యం చేయమనలేదు. కింది లక్షణాల్లో ఏది ఉన్నా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అప్పుడు స్కాన్ అవసరం కావచ్చు.

• మూత్రం ఆగిపోవడం లేదా మల మూత్రాలపై అదుపు తప్పడం, మలద్వారం చుట్టూ, తొడల మధ్య తిమ్మిరి. ఇది గంటల్లో ఆసుపత్రికి చేరాల్సిన పరిస్థితి.

• కాలు లేదా పాదం బలం తగ్గుతూ రావడం.

• సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి. ఎముకలకు సోకే క్షయలో దాదాపు సగం వెన్నెముకలోనే వస్తుంది. మన దేశంలో ఈ విషయాన్ని మరవకూడదు.

• పెద్ద ప్రమాదం తర్వాత వచ్చిన నొప్పి. వృద్ధుల్లో, స్టెరాయిడ్లు చాలాకాలం వాడినవారిలో చిన్నగా జారిపడినా సరే.

• ఇదివరకు క్యాన్సర్ వచ్చినవారిలో కొత్తగా మొదలైన నొప్పి.

• నలభై ఐదేళ్లలోపు మొదలై, పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, కదిలితే తగ్గి, నెలల తరబడి సాగే నొప్పి. ఇది కీళ్లవాత జాతి జబ్బు కావచ్చు.

ఇవేవీ లేకపోతే చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. మొదటి రెండు రోజులు కాపడం, సౌకర్యంగా ఉండే భంగిమ, కొద్దికొద్దిగా నడక. ఆ తర్వాత రోజూ కాస్త పెంచుతూ మామూలు పనుల్లోకి రావడం. పూర్తిగా తగ్గేదాకా ఆగి అప్పుడు కదలడం కాదు, కదులుతూ తగ్గించుకోవడం. నెలల తరబడి ఉంటే ఫిజియోథెరపిస్టు సాయం తీసుకోవాలి. మళ్లీ రాకుండా ఉండటానికి నడక ఎంత ఉపయోగమో 2024లో ఆస్ట్రేలియాలో 701 మందిపై జరిగిన ప్రయోగం చూపించింది. ఫిజియోథెరపిస్టు సూచనలతో క్రమంగా నడక పెంచుకున్నవారిలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది. అలా చేయనివారిలో 112 రోజులే.

సలహా సగమే సరిపోతుంది

ఇంతవరకూ చెప్పింది కుర్చీలో కూర్చుని ఇది చదువుతున్న మీకూ, రాస్తున్న నాకూ సరిపోతుంది. రోజంతా వంగి నాట్లు వేసే ఆడమనిషికి ‘రోజూ అరగంట నడవండమ్మా’ అని చెబితే ఆమె నవ్వుతుంది. ఆ నవ్వులో న్యాయముంది. ఆమెకు కొరవడింది కదలిక కాదు. వంపు మార్చుకునే వెసులుబాటు, మధ్యలో విరామం, నొప్పి ఉన్న నాలుగు రోజులు తేలికపాటి పని చేసినా తెగని కూలి.

ఇక్కడ మనం తరచూ ఇంకో సులువైన మాట చెబుతాం: ‘సరిగ్గా వంగడం నేర్చుకోండి.’ బరువులెత్తే పద్ధతిపై శిక్షణ ఇచ్చిన ప్రయోగాలన్నింటినీ 2011లో సమీక్షించారు. కేవలం శిక్షణ వల్ల నడుం నొప్పి తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు. ఎందుకు తగ్గుతుంది? బస్తా బరువు మారలేదు, చక్రం ఎత్తు మారలేదు, పని గంటలు మారలేదు. మార్చిందల్లా మనిషినే. తప్పంతా వంగే తీరుదే అని చెప్పి, నొప్పితో పాటు నేరం కూడా ఆ మనిషి నడుం మీదే మోపాం.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్న పరిస్థితిలో ఎత్తదగిన బరువు 23 కిలోలు. దూరం, వంపు, మెలిక, పదేపదే ఎత్తడం తోడైతే అది ఇంకా తగ్గుతుంది. మన దగ్గర సిమెంటు బస్తా 50 కిలోలు. ఐరోపాలోని అనేక దేశాల్లో అదే సిమెంటు 25 కిలోల సంచుల్లో వస్తుంది. సిమెంటు రసాయనం అక్కడా ఇక్కడా ఒకటే, మోసేవారి వెన్నెముక కూడా ఒకటే. సంచి సైజు మాత్రం ఎవరో తీసుకున్న నిర్ణయం. నిర్ణయం కాబట్టి మార్చవచ్చు. చిన్న సంచులు చేస్తే ఖర్చు పెరుగుతుందని, మోసేవాడు రెండేసి ఎత్తుకుంటాడని కొందరు అంటారు. ముక్కకింత అని కూలి కట్టినంత కాలం రెండో మాటలో నిజముంది. కాబట్టి సంచితో పాటు కూలి లెక్క కూడా మారాలి.

విల్లియనూరు లాంటి చోట చేయదగినవి ఇంకా చిన్నవి. 2018లో ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ కుమ్మరుల కోసం మొదలుపెట్టిన పథకం కింద విద్యుత్ చక్రాలు, మట్టి కలిపే యంత్రాలు ఇస్తున్నారు. చక్రం తిప్పే శ్రమ, మట్టి తొక్కే శ్రమ వీటితో తగ్గుతాయి. దానికి ఇంకొక్కటి కలపాలి. చక్రాన్ని దిమ్మె మీద, కూర్చునే మనిషి మోచేతి ఎత్తుకు తేవాలి. మట్టిని నేల మీద కాకుండా నడుమెత్తు బల్ల మీద ఉంచాలి. పెద్ద బకెట్ బదులు రెండు చిన్నవి, వీలైన చోట చక్రాల బండి. తులాదండం లెక్కలో 40 సెంటీమీటర్లను 20 చేయడమంటే ఇదే. వీటితో నొప్పులన్నీ మాయమవుతాయని చెప్పను, నడుం నొప్పికి కారణాలు అనేకం. కానీ నొప్పి వచ్చినవారు త్వరగా మళ్లీ పనిలోకి రాగలగడం, పని వదిలేయాల్సిన అవసరం రాకపోవడం చిన్న లాభాలు కావు.

ఇక ప్రభుత్వాలు చేయదగిన పని ఒకటుంది. 1997లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం టీవీలో ఒక ప్రచారం మొదలుపెట్టింది. నడుం నొప్పి వస్తే మంచం పట్టకండి, కదులుతూ ఉండండి, పనిలో కొనసాగండి అన్నదే సందేశం. ప్రజల్లోనూ డాక్టర్లలోనూ అభిప్రాయాలు మారాయి. నడుం నొప్పి పేరుతో పరిహారం కోరే దరఖాస్తులు తగ్గాయి. ఆ ఫలితాలు 2001లో ప్రచురితమయ్యాయి. పోలియో చుక్కల గురించి ఊరూరా చెప్పగలిగిన మన దేశానికి ఇది అసాధ్యం కాదు. పుదుచ్చేరి ప్రభుత్వం ఇదే మాటను విల్లియనూరులో తమిళంలో, యానాంలో తెలుగులో చెప్పగలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో స్కాన్ చీటీకి ముందు ఐదు నిమిషాల మాట, వారానికి ఒకరోజైనా ఒక ఫిజియోథెరపిస్టు ఉంటే చాలా కుటుంబాల డబ్బు, రోజులు మిగులుతాయి.

నడుం పట్టేసినవారికి డాక్టరు ఇవ్వగల తొలి మందు, ‘మీ నడుము విరగలేదు, ఇది తగ్గుతుంది, కదలండి’ అన్న మాట. అది నిజం కాబట్టి పనిచేస్తుంది. కానీ ఆ మాట విన్న మనిషి తిరిగి వెళ్లేది 50 కిలోల బస్తా దగ్గరకే అయితే మన వైద్యం గుమ్మం దగ్గరే ఆగిపోయినట్టు. కదలమని చెప్పే హక్కు మనకుంటే, కదలడానికి వీలైన పనిని అడిగే బాధ్యత కూడా మనదే.